మోకిల ఇంట్లో మనుషులున్నారు

ఏప్రిల్ 24, మంగళవారం

బడికి నిన్నటితో సెలవులిచ్చారు. పొద్దున్నే సంచి సర్దుకుని మోకిలకు, చెల్లెలు వెన్నెల ఇంటికి వచ్చేశాను. మా ఆయన నాగేందర్ స్కూటర్ మీద దింపాడు. చేవెళ్ళలో విత్తనాల దుకాణం తెరవాలి కాబట్టి కూర్చోలేదు. గేటు దగ్గర మాత్రం ఆగి, "ఇల్లు యాడికి పోతది ఉమా? నువ్వు దవాఖానకు పోతే వెన్నెలకు ధైర్యముంటది గద" అన్నాడు.

"మరి ఇల్లెవరు చూస్తరు?" అన్నాను.

ఆయన స్కూటర్ తిప్పుకున్నాడు.

నిజంగానే, ఇల్లెవరు చూస్తారు? గృహప్రవేశం మొన్న ఫిబ్రవరిలో అయింది. రంగుల వాసన ఇంకా పోలేదు. శనివారం సాయంత్రం నొప్పులొస్తే వెన్నెలను సిటీకి తీసుకుపోయారు. ఆదివారం కాన్పయింది. ఏడో నెల నిండనే లేదు. ఆడపిల్ల. గాజుపెట్టెలో పెట్టారట. వెన్నెల, ఆమె భర్త సాయి కిరణ్ ఆస్పత్రి పక్క సందులో ఒక గది కిరాయికి తీసుకుని అక్కడే ఉన్నారు. ఎన్నాళ్ళుండాలో డాక్టర్లు చెప్పడం లేదు. సాయి కిరణ్ తల్లి తుంటి విరిగి మంచంలో ఉంది. మా అమ్మ పోయి చాలా కాలమైంది. ఇక ఉన్నదాన్ని నేను.

లోపల ఎక్కడివక్కడే ఉన్నాయి. పొయ్యి మీద పాలు విరిగి గిన్నెకు అంటుకుపోయాయి. వెన్నెల సగం తాగి వదిలేసిన మజ్జిగ గ్లాసు మంచం పక్కన నేల మీదే ఉంది. చీమలు పట్టాయి. అన్నీ కడిగి, కింది గదులన్నీ ఊడ్చి తుడిచేసరికి మధ్యాహ్నం దాటింది. మేడ మీది చిన్న గది మూసే ఉంచాను. దాంతో ఇప్పుడు పనేమీ లేదు.

ఏప్రిల్ 25

శుక్రవారం ఆస్పత్రికి వెళ్తాను.

ఏప్రిల్ 27, శుక్రవారం

వెళ్ళలేదు. బోరు మోటారు మొరాయించింది. మెకానిక్ శంకర్‌పల్లి నుంచి రావాలి, ఎప్పుడొస్తాడో తెలియదు. మనిషి ఇంట్లో లేకపోతే ఎట్లా?

ఈ లేఅవుట్‌లో ఎటు చూసినా తెల్లరాళ్ళు పాతిన ప్లాట్లే. ఇళ్ళు కట్టుకుని కాపురమొచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళు కూడా పొద్దున కార్లెక్కితే మళ్ళీ దీపాలు పెట్టాకే వస్తారు. పగలంతా గాలి, ఎండ, కుక్కలు. కాపలాకి భిక్షం అనే ఆయన ఉన్నాడు, గేటు దగ్గర రేకుల గదిలో. భార్య అంతమ్మ. ఇద్దరూ నా కంటే పెద్దవాళ్ళే. ఈ రోజు అంతమ్మ బిందె తీసుకుని నీళ్ళకొచ్చింది.

"వెన్నెలమ్మకు అక్కవా? నువ్వొచ్చినవ్, మంచిగైంది టీచరమ్మా. ఖాళీ ఇల్లంటే దొంగలకు పిలుపు పంపినట్టే. బయట తాళం జూసిండ్రనుకో, అయిపాయె."

అందుకే బయట తాళం వేయకూడదని నిర్ణయించుకున్నాను. ఎప్పుడూ లోపలి గడియే. పొద్దున్నే కల్లాపి చల్లి ముగ్గు వేస్తున్నాను. పేపరు గేటు దగ్గర పడి ఉండకుండా వెంటనే తీసేస్తున్నాను. సాయి కిరణ్ చొక్కాలు ఉతికినవే మళ్ళీ తడిపి తీగ మీద ఆరేస్తున్నాను. రేడియో మోగుతూనే ఉంటుంది. దారిన పోయేవాళ్ళెవరైనా ఈ ఇంట్లో నిండా మనుషులున్నారనే అనుకోవాలి.

సాయంత్రం వెన్నెల ఫోన్ చేసింది. "అక్కా, ఎప్పుడొస్తవ్?"

"మోటారు పని కానియ్, వస్త."

"పాపను సూదులు పొడిచి పొడిచి..." అని ఏదో చెప్పబోయింది. కుక్కర్ కూత పెడుతోందని పెట్టేశాను.

కుక్కర్ పెట్టనే లేదు.

ఏప్రిల్ 30

మోటారు బాగైంది. రేపు వెళ్ళొచ్చు. రేపు మే డే, బస్సులు తక్కువ ఉంటాయేమో.

మే 3

పెరట్లో వెన్నెల పెట్టిన మల్లె అంటు తలవాల్చేసింది. రోజుకు రెండుసార్లు నీళ్ళు పోయకపోతే బతకదు.

మే 6, ఆదివారం

నాగేందర్ వచ్చాడు. మామిడిపళ్ళు తెచ్చాడు, నేను ఫోన్‌లో అడిగిన పాత తోలు చెప్పులూ తెచ్చాడు. గడప ముందు మగవాళ్ళ చెప్పులుంటే మంచిదని అడిగాను. వాటిని మెట్టు మీద పెట్టి, కాస్త దూరం జరిగి నిలబడి చూశాడు.

"నేనున్ననని దొంగలకు చెప్తున్నవన్నట్టు. నిజంగనే ఉంటే కాదా?"

"దుకాణమెవరు చూస్తరు?"

"నీ ఇల్లు, నా దుకాణం" అని నవ్వాడు.

అన్నం తిన్నాక తెలిసింది. ఇక్కడికి రాకముందే ఆయన సిటీకి వెళ్ళి వచ్చాడు. ఆస్పత్రికి. అద్దంలోంచి చూశాడట.

"పిల్ల మంచిగనే ఉన్నది ఉమా. గింతనే ఉన్నది గానీ, కాళ్ళు ఎట్ల ఆడిస్తున్నదో..." అని అరచేయి చాచి చూపించబోయాడు.

నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. బకెట్ నిండి పొర్లిపోతున్నట్టు అనిపించింది. కుళాయి కట్టేసే ఉంది. కాసేపు అక్కడే నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి ఆయన మామిడిపళ్ళు కడిగి, తుడిచి, బియ్యం డబ్బా పక్కన బోర్లించిన బుట్ట మీద వరసగా పేర్చి పెట్టాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వెళ్ళేటప్పుడు, "వెన్నెల నీ కోసం చూస్తున్నది" అన్నాడు. అంతే.

మే 7

బుధవారం తప్పకుండా.

మే 10, గురువారం

ఎదురు వరుసలో చివరి ఇంట్లో దొంగలు పడ్డారు. వాళ్ళు పెళ్ళికని బెంగళూరు వెళ్ళి మూడోరోజు. పెరటి తలుపు గొళ్ళెం పెకిలించారు. పోలీసులొచ్చి వెళ్ళాక భిక్షం, అంతమ్మలతో కలిసి నేనూ చూసొచ్చాను. బీరువా బట్టలన్నీ నేల మీద. పెళ్ళి ఆల్బం తొక్కారు, దాని మీద చెప్పుల ముద్ర. ఫ్రిజ్‌లో లడ్డూలు తిని డబ్బా సోఫా మీద పడేశారు. వెండి, టీవీ పోయాయట. ఆ లడ్డూల సంగతే నాకు ఎక్కువ బాధనిపించింది. ఎంత నిదానంగా కూర్చుని తిన్నారో.

"పెద్ద తాళమేసిండ్రు టీచరమ్మా" అన్నాడు భిక్షం, తప్పు తనదే అన్నట్టు తలొంచుకుని. "నేను అటుదిక్కు ఒక్క సుట్టు తిరిగొచ్చేలోపల చేసిండ్రు. ఇగ నాకు నిద్రెక్కడిది?"

ఇట్లాంటప్పుడు ఈ ఇల్లు వదిలి ఎట్లా వెళ్ళను? నాగేందర్‌కూ అదే చెప్పాను. వెన్నెలకూ అదే చెప్పాను.

 వెన్నెల, "పోతే పోనియ్ అక్కా ఇల్లు. నువ్వు రా" అంది.

"అట్లనకు. చెమటోడ్చి కట్టుకున్నరు."

"అక్కా, నీకు భయమైతున్నదా?"

"దొంగలంటే భయముండదా?" అన్నాను.

మే 13, ఆదివారం

మధ్యాహ్నం ఇద్దరు మగవాళ్ళు మోటారుసైకిల్ మీద వచ్చి గేటు గొళ్ళెం తీశారు. అడగకుండానే లోపలికి రెండడుగులు వేశారు. ఒకడు కిటికీల వంక, మేడ వంక చూస్తున్నాడు.

"ఏం గావాలె?" అని లోపలి నుంచే అరిచాను.

"ఇల్లు కిరాయికిస్తరా మేడం?"

"కిరాయికి లేదు."

"సార్ ఉన్నరా?"

 వెనక్కి తిరిగి, లోపల ఎవరో పడుకుని ఉన్నట్టు గట్టిగా, "నాగేందర్, లే జర! ఎవరో ఇల్లు కిరాయికి అడుగుతున్నరు. వచ్చి మాట్లాడు!" అన్నాను. పెళ్ళయి పద్నాలుగేళ్ళు, ఆయన్ని అంత పెద్దగా పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. వాళ్ళు మెట్టు మీది చెప్పుల వంక చూశారు. "సరే మేడం, మల్లొస్తం" అని బండెక్కి వెళ్ళిపోయారు.

తలుపు గడియ వేసి నేల మీదే కూర్చుండిపోయాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆయనకు ఫోన్ చేశాను.

"నిన్ను పిలిచిన" అన్నాను.

"వస్తున్న" అన్నాడు, ఎందుకని అడగకుండానే. వచ్చి, ఆ రాత్రికి ఇక్కడే పడుకున్నాడు.

మే 16, బుధవారం

ఇది ఎక్కడైనా ఒకచోట రాయాలి.

తొమ్మిదేళ్ళ క్రితం నాకూ ఏడో నెలలోనే కాన్పయింది. రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చాయి. స్పృహ వచ్చేసరికి నేను ఒక వార్డులో ఉన్నాను, ఇంకో వార్డులో గాజుపెట్టె ఖాళీ అయిపోయి ఉంది. పిల్ల రెండు రోజులుందట. ఆడపిల్ల. నేను చూడలేదు. నాగేందర్, మా మామ తీసుకెళ్ళారు. ఎక్కడికని నేను అడగలేదు. ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చేసరికి అత్తమ్మ ఉయ్యాల విప్పేసి పక్కింటికి ఇచ్చేసింది. మంచికే చేసింది. నెల తర్వాత బడికి వెళ్ళాను. పిల్లలకు పద్యం చెప్పాను.

ఆ తర్వాత మళ్ళీ కడుపు పండలేదు. అందరూ అదే పెద్ద బాధ అనుకున్నారు.

నాగేందరూ నేనూ దాని గురించి ఒక్కసారైనా మాట్లాడుకోలేదు. ఒక్కసారి కూడా.

వెన్నెల అడిగినదానికి జవాబు ఇది. దొంగలు కాదు.

మే 17

నిన్న రాసింది చదువుకున్నాను. చింపేద్దామనుకున్నాను. మల్లెకు నీళ్ళు పోశాను.

మే 24, గురువారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. సోమవారం నుంచి రాస్తాను.

సోమవారం పొద్దున ముగ్గు వేసి, చొక్కాలు ఆరేసి, రేడియో పెట్టుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. సాయి కిరణ్ ఫోన్ చేశాడు. గొంతు పూర్తిగా పోయింది.

"వదినా, పొద్దుగాల పాప ఊపిరి ఆపింది. నర్సు తట్టి లేపితే మల్ల తీసుకున్నది. ఇప్పుడు బాగనే ఉన్నది. కానీ మా ఇద్దరికి జ్వరం, దగ్గు. లోపలికి రానిస్తలేరు. నిన్నటి సంది పాప దగ్గర ఎవ్వరం లేము. ఒక్కతే ఉన్నది వదినా."

ఒక్కతే ఉంది. ఆ మాట విన్నాక నేనేం చేశానో నాకు పూర్తిగా గుర్తులేదు. పొయ్యి ఆపాను, అది గుర్తుంది. చేతిసంచి తీసుకున్నాను. లేఅవుట్ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసరికి మెహిదీపట్నం బస్సు కదులుతోంది, చేయెత్తి పరుగెత్తాను. దారి పొడవునా కొత్త బిల్డింగులు, క్రేన్లు, అన్నీ అడ్డం నిలబడి నన్ను ఆపుతున్నట్టు అనిపించింది. చేతులకు ఉల్లిపాయ వాసన. బస్సులో అందరూ ఆ వాసన వల్లే ఏడుస్తున్నాననుకుని ఉంటారు.

వెన్నెల, సాయి కిరణ్ కింద చెట్టు నీడలో సిమెంటు బెంచీ మీద ఉన్నారు. ఇద్దరూ మూతికి గుడ్డలు కట్టుకున్నారు. వెన్నెల నన్ను చూసి లేచింది, దగ్గరికి రాబోయి ఆగిపోయింది. "నన్ను ముట్టుకోకు అక్కా. నీకంటుకుంటే నిన్ను గూడ రానియ్యరు" అంది. పెళ్ళిలో సాగనంపేటప్పుడు కూడా అది అంత దూరంలో నిలబడలేదు. నా చెల్లెలు సగమైపోయింది. నెల రోజులు నేను మల్లె అంటుకు నీళ్ళు పోస్తూ కూర్చున్నాను.

పైన నర్సు అడిగింది, "తల్లికి ఏమైతరు?"

"అక్కను."

"దగ్గు, జలుబు ఏమన్న ఉన్నయా?"

లేవన్నాను. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోమంది. గౌను ఇచ్చి, లోపల జాకెట్ గుండీలు తీయమంది. "పాపను మీ ఛాతి మీద పండబెడతం. మనిషి వేడి తగిలితే ఊపిరి మంచిగ తీసుకుంటరు గీ పిల్లలు."

"నాకు రాదు" అన్నాను.

"రాకపోయేదేమున్నది అమ్మా? కూసోండి. కదలకుంటే చాలు."

కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను. గాజుపెట్టె తెరిచి, వైర్లతో సహా తీసి నా మీద పెట్టింది. పైన దుప్పటి కప్పి నడుము చుట్టూ ఒక గుడ్డ కట్టింది.

బరువే లేదు. వెచ్చగా ఉంది, అంతే. కుంకుడుకాయంత పిడికిలి నా కంఠం కింద ఆనించింది. తల నా గడ్డం కిందికి వచ్చింది. పెదవులు కదిలిస్తోంది. వీపు మీద నా అరచేయి పెడితే మొత్తం మునిగిపోయింది. లోపల గుండె, చేతిలో పట్టుకున్న పిచ్చుకకు కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. నేను ఊపిరి తీసుకోవడానికి భయపడ్డాను. నర్సు గమనించి, "మీరు మామూలుగ ఊపిరి తీసుకోండి. అది విననియ్యండి" అంది.

 జోలపాటలు నోటికి రాలేదు. అందుకని ఇల్లు గురించి చెప్పాను. "మీ ఇంట్ల బోరు నీళ్ళు తియ్యగుంటయి బిడ్డా. మోటారు పాడైతే బాగు చేయించిన. వంటింటి కిటికీల నుంచి పొద్దున ఎండ నేరుగ పొయ్యి మీద పడ్తది. మీ నాయిన చొక్కాలు నేను ఎన్ని సార్లు ఉతికిననో, రంగు వెలిసిపోయినయి, తిట్టుకుంటడు. మెట్ల కింద బల్లి ఒకటున్నది, దాని జోలికి నేను పోలేదు. మేడ మీద నీ గది ఉన్నది..." అక్కడ ఆగాను. ఆ గది నేను చూడలేదు కదా. "నీ గది ఎట్లుంటదో చూసొచ్చి రేపు చెప్త" అన్నాను.

సోమవారం, మంగళవారం, ఆస్పత్రి వాళ్ళు రమ్మన్నప్పుడల్లా వెళ్ళి కూర్చున్నాను. రాత్రి వరండాలోనే పడుకున్నాను. మళ్ళీ ఊపిరి ఆపలేదు.

బుధవారం పొద్దున కాఫీ తాగుతుంటే వెన్నెల అడిగింది, "తాళం ఎవరికిచ్చి వచ్చినవ్ అక్కా?"

కప్పు చేతిలోనే ఉండిపోయింది. తాళం వేయలేదు. తలుపే వేయలేదు. తాళంచెవి వంటింట్లో మేకుకు వేలాడుతూనే ఉంటుంది. చివరింటి బట్టలు, ఆల్బం మీది చెప్పు ముద్ర, మోటారుసైకిల్ వాళ్ళు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. అంతా వెన్నెలతో చెప్పేశాను. సాయి కిరణ్ ముఖం పాలిపోయింది, కానీ ఏమీ అనలేదు. ఆ అబ్బాయి మంచితనం అది. వెన్నెల మాత్రం మూతి గుడ్డలోంచి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గు తెరలొచ్చాయి. "నెల సంది ఇల్లు ఇల్లు అని... ఆఖరికి తలుపులు బార్ల తెరిచి వచ్చినవా!" అంది. నాకు నవ్వు రాలేదు. నాగేందర్ కూడా సరుకు కోసం వికారాబాద్ వెళ్ళాడు, ఫోన్ కలవలేదు. బస్సెక్కాను.

లేఅవుట్ గేటు దగ్గర దిగి ఇంటివైపు నడిచాను. దూరం నుంచే రేడియో వినిపించింది. పాట వస్తోంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. గడప ముందు, ఆ తోలు చెప్పుల పక్కనే, అంతమ్మ చాప వేసుకుని కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"వచ్చినవా తల్లీ! యాడికి పోయినవ్, చెప్పకపోతివి?"

నేను లోపలికి పరుగెత్తాను. టీవీ ఉంది. బీరువా మూసి ఉంది. పీట మీద సగం తరిగిన ఉల్లిపాయలు వాడిపోయి ఉన్నాయి. వెనకే అంతమ్మ వచ్చి నిలబడింది.

"సోమారం మబ్బు పట్టింది. చొక్కాలు తడుస్తయని తీసి, తలుపు సందుల నుంచి నిన్ను కేకేసిన. ఫ్యాన్ తిరుగుతున్నది, రేడియ మోగుతున్నది. పండుకున్నవేమో అని తలుపు దగ్గరికేసి పోయిన. మంగళారం ముగ్గు లేకపాయె. జొరమొచ్చిందేమో అని లోపలికొచ్చి జూస్తే ఎవ్వలు లేరు. నాకాడ తాళమెక్కడిది? ఇగ నేను, మా ముసలాయన గీడనే పండుకున్నం."

"అయితే సోమవారం రాత్రంతా..."

"తెరిచే ఉన్నది" అంది అంతమ్మ. "లోపలున్నవనే అనుకున్నం మేము. దొంగలు గూడ గట్లనే అనుకున్నరేమో!"

ఆమె చింతపండు చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. "ఏందమ్మా, జిడ్డు చేతులు" అని లాక్కుంది. తర్వాత మెల్లగా, "పిల్ల ఎట్లున్నది?" అని అడిగింది.

ఎట్లా ఉందో చెప్పాను. ఆమె పిక్కలు తీయడం ఆపి విన్నది.

చీకటి పడకముందే మేడ మీది గది తెరిచాను. గోడలు లేత పచ్చ రంగు. కిటికీకి పరదా ఇంకా కుట్టలేదు, బట్ట మడతపెట్టి గట్టు మీద ఉంది. ఒక మూల ఉయ్యాల, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. నేలంతా దుమ్ము. ఊడ్చాను, తుడిచాను.

ఈ రోజు తాళం బయటే వేసి, చెవి అంతమ్మకిచ్చి ఆస్పత్రికి వెళ్ళాను. గది పచ్చ రంగని చెప్పాను.

మే 29

పిడికిలి విప్పి నా వేలు పట్టుకుంది. వదలలేదు. నర్సు విడిపించాల్సి వచ్చింది.

జూన్ 4, సోమవారం

వెన్నెలకు జ్వరం తగ్గి వారమవుతోంది. ఇప్పుడు పాప దాని మీదే పడుకుంటోంది. నాకిక లోపల పని లేదు. అద్దంలోంచి చూసి, పరదాలు కుట్టడానికి మోకిల వచ్చేశాను. కుట్టుమిషన్ అంతమ్మ ఎవరింటి నుంచో తెచ్చిపెట్టింది. కొంచెం బాధగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ సూది నడుస్తోంది.

నిన్న మొదటి వాన పడింది. పాపకు మేఘ అని పేరనుకున్నారట. నన్ను ఎట్లుందని అడిగారు. నోటినిండా ఉందన్నాను.

జూన్ 12, మంగళవారం

బడి తెరిచారు. మొయినాబాద్‌కు ఇక్కడి నుంచే వెళ్ళొచ్చాను. ఆరో తరగతిలో పేర్లు అడుగుతుంటే ఒక మేఘ లేచి నిలబడింది. అనవసరంగా దాన్ని చూసి నవ్వాను.

జూన్ 16, శనివారం

వచ్చారు! కారు గేటు దగ్గర ఆగేసరికి భిక్షం, అంతమ్మ కూడా పరుగెత్తుకొచ్చారు. నేను దిష్టి తీసి ఎర్రనీళ్ళు రోడ్డు మీద పారబోశాను. వెన్నెల మేఘను నా చేతుల్లో పెట్టి ఇల్లంతా ఒకసారి తిరిగొచ్చింది. వంటింట్లోంచి, "అక్కా, నా గిన్నెలన్నీ ఎక్కడెక్కడనో పెట్టినవ్!" అని అరిచింది. సాయి కిరణ్ బీరువా తెరిచి, "వదినా, నా నీలం చొక్కా తెల్లగెట్ల అయింది?" అన్నాడు. నెలన్నర నేను ఎంత కష్టపడి నటించినా ఇంత గోల చేయలేకపోయాను.

మేఘ మాత్రం తన గదిలో నిద్రపోయింది.

జూన్ 17, ఆదివారం, చేవెళ్ళ

సాయంత్రం నాగేందర్ వచ్చి నన్ను తీసుకొచ్చాడు. వెన్నెల గేటు దాకా వచ్చి ఏడ్చింది. ఈసారి ముట్టుకుంది, వదల్లేదు.

దొంతన్‌పల్లి దాటాం, శంకర్‌పల్లి దాటాం. స్కూటర్ మీద ఆయన భుజం పట్టుకుని కూర్చున్నాను. వాన వెలిసి దారి పక్క చేలన్నీ నల్లగా, కొత్తగా దున్ని ఉన్నాయి. ముడిమ్యాల దగ్గరికొస్తుంటే అడిగేశాను. చాలా మామూలుగా అడిగాను, దుకాణంలో ఏమైందని అడిగినట్టు.

"మనది ఎట్లుండె?"

ఏదని ఆయన అడగలేదు. కొంచెం దూరం అట్లాగే పోనిచ్చి, స్కూటర్ పక్కకు ఆపాడు. దిగలేదు. హ్యాండిల్ వంక చూస్తూ మాట్లాడాడు.

"వెంట్రుకలు బాగ ఉండె. నల్లగ, చెవుల మీదికి. ముక్కు నీదే. ఒక్కసారే ఏడ్చింది, పిల్లి పిల్ల లెక్క. రెండోనాడు నర్సు నా చేతులకిచ్చింది. ఆఖరుకని నాకు తెల్వదు ఉమా. ఊకెనే ఇచ్చిందనుకున్న. కొద్దిసేపు ఎత్తుకున్న. కండ్లు తెరిచి చూసింది."

"చూసిందా?"

"చూసింది."

 ఒక ట్రాక్టర్ పోయింది. నేను అడిగాను, "నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడుగుతవని చూసిన. నువ్వు అడగకపోతివి. అడగందే చెప్తే నీకేమన్న అయితదేమో అని భయం. గట్లనే ఏండ్లు గడిచిపోయినయి."

"ఎక్కడ పెట్టినవ్?"

ఆయన చేయెత్తి చూపించాడు. మా అత్తగారి వాళ్ళ చేనే. రోడ్డు మీద నుంచి కనిపిస్తూనే ఉంది. ఆ తూర్పు గట్టు మూల. ఎన్నిసార్లు బస్సులో దాని పక్క నుంచి పోయానో.

చెప్పులు చేతిలో పట్టుకుని బురదలో నడిచి వెళ్ళాం. అక్కడ ఏ గుర్తూ లేదు, గడ్డి తప్ప. ఆయనకు మాత్రం తెలుసు. గట్టు మీద తన తువ్వాలు పరిచాడు, ఇద్దరం కూర్చున్నాం. నేను అడుగుతూ పోయాను, ఆయన చెబుతూ పోయాడు. చేతులెట్లుండె, కాళ్ళెట్లుండె, ఏం తొడిగినవ్, నా చీరలల్ల ఏ చీరల చుట్టినవ్. పసుపుపచ్చ వాయిల్ చీర. అది ఏమైందా అని నేను ఆ ఏడాదంతా వెతుక్కున్నాను. ఆయన ఒక్కటీ మరిచిపోలేదు. ఇన్నేళ్ళు ఒక్కడే మోశాడు.

"పేరేమన్న అనుకున్నవా?" అన్నాను.

"లేదు. నువ్వు పెడతవని ఉంచిన."

అప్పుడు ఇద్దరం పేర్లు వెతకడం మొదలుపెట్టాం. ఆయన చెప్పినవి నాకు నచ్చలేదు, అన్నీ విత్తనాల కంపెనీ పేర్లలా ఉన్నాయన్నాను. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు. నేను చెప్పినవి ఆయన నోరు తిరగనివన్నాడు. చీకటి పడేలోగా ఒకటి కుదిరింది. ఆయన ఒకసారి, నేను ఒకసారి, పిలిచి చూశాం. బాగుంది.

ఇక్కడ రాయడం లేదు. నాకు గుర్తుంటుంది.